బల్ల గుండ్రంగా ఉంటే చాలదు
(పోలవరంలో జరిగిన రైతుసంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య ఏ సమస్య వచ్చినా రౌండ్ టేబుల్ సమావేశం అంటున్నారు. ధాన్యం డబ్బులు పడకపోతే రౌండ్ టేబుల్, పునరావాసం ఆగితే రౌండ్ టేబుల్. కలిసి మాట్లాడుకోవడం మంచిదే. కానీ పట్నం హోటళ్లలో జరిగే ఆ సమావేశాలకి మనమూ వెళ్తున్నాం, చూస్తున్నాం. ముందు నాయకులు, ఆ తర్వాత రిటైరైన ఇంజనీర్లు, భోజనాల వేళకి కౌలు రైతుకి మైకు. రెండు నిమిషాల్లో ముగించమని చీటీ కూడా వస్తుంది. తీర్మానం అప్పటికే టైపు చేసి ఉంటుంది.

1930 నుంచి 1932 దాకా లండన్‌లో మూడుసార్లు రౌండ్ టేబుల్ సమావేశాలు జరిగాయి. బల్ల పేరుకి గుండ్రమే. ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలో మాత్రం తెల్లదొరల సర్కారే తేల్చింది. పిలిచేవాడి చేతిలోనే సగం తీర్పు ఉంటుందండి.

మన సంగతికొద్దాం. మన సంఘంలో నీళ్లు వచ్చేవాళ్లూ ఉన్నారు, ఊళ్లు పోయేవాళ్లూ ఉన్నారు. డెల్టా శివారు రైతుకి దాళ్వా నీళ్ల భరోసా కావాలి. అది న్యాయమైన కోరికే. కుక్కునూరు, వేలేరుపాడు రైతుకి 45.72 మీటర్లంటే తన ఇల్లు, తన చేను. పునరావాసం మొదటి దశ 41.15 మీటర్ల కాంటూరు దగ్గర గీత గీసుకుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వరద ఆ గీతని లెక్కచేయలేదు. ఈ ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి "అందరం రైతులమే కదా" అని మొదలుపెడితే, పోగొట్టుకుంటున్నవాడి నోరు అక్కడే మూతపడుతుంది. రైతులమే, కానీ నష్టం అందరికీ ఒకటి కాదు.

కౌలుదారు సంగతి ఇంకా కష్టం. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు కార్డు కావాలంటే భూమి ఆసామి సంతకం పెట్టాలి. ఆ ఆసామే ఎదురుకుర్చీలో ఉంటే కౌలుదారు ఏం మాట్లాడతాడు? తలూపుతాడు. ఆ తలూపుడుని ఏకగ్రీవం అని రాసుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

2011లో కోనసీమ రైతులు సార్వాకి పంట విరామం ప్రకటించారు. ఊరూరా కూర్చుని తేల్చుకున్నారు కాబట్టే రాష్ట్రమంతా అటు చూసింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. అది గొప్ప పోరాటమే. అయితే నాట్లు లేకపోతే పని పోయే కూలి అక్కకి ఆ నిర్ణయంలో ఎంత మాట దక్కింది? ఈ ప్రశ్న అడిగితే పోరాటాన్ని తక్కువ చేసినట్టు కాదు.

పక్కనున్న ఒడిశాలో నియమగిరి చూడండి. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక 12 ఊళ్లలో గ్రామసభలు పెట్టారు. జడ్జీలు పరిశీలకులుగా కొండ మీది ఊళ్లకే వెళ్లారు. గిరిజనులు తమ భాషలో మాట్లాడారు. 12 ఊళ్లూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. మనకీ 1996 పెసా చట్టం ఉంది, భూసేకరణకి ముందు సంప్రదించాలని చెప్తుంది. సంప్రదించడమంటే హాజరు పుస్తకంలో వేలిముద్రలు వేయించుకోవడం కాదు కదా!

అందుకే మేం అడిగేది ఇది. వచ్చే సమావేశం జంగారెడ్డిగూడెం వైపు పునరావాస కాలనీలో పెడదాం. నాట్లు, కోతల రోజులు వద్దు. కోయ తెలిసిన ఒకరు పక్కనుండి తెలుగులో చెప్పాలి. మొదటి మాట ఊరు పోయినవాళ్లది, రెండోది కౌలుదారులది. కౌలుదారులు ముందురోజు విడిగా కూర్చుని, తమ మాట ఒక్కరి చేత చెప్పిస్తే ఎవరి పేరూ బయటపడదు. పదవుల్లో ఉన్న మేం చివర్లో మాట్లాడతాం, టైము మిగిలితేనే. తీర్మానం అక్కడికక్కడే రాసి, పైకి చదివి వినిపించాలి. ఒప్పుకోనివాళ్ల మాట కూడా అందులోనే రాయాలి. డెల్టా వాళ్లకి నచ్చని వాక్యం ఒకటి రెండు ఉంటాయి, ఉండనివ్వండి.

దీని మీద మీరేమంటారో చెప్పండి. వెనక వరసలో ఉన్న అక్క ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉంది, మైకు ముందు అటివ్వండి.