సంతకం చిన్నదైపోయినప్పుడు
(సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉప సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా మేము ఈ మైకు దగ్గరికి వచ్చి రక్తహీనత, బీపీ, షుగరు, గర్భిణుల బరువు గురించి చెప్పి దిగిపోతాం. ఆ లెక్కలన్నీ ఈసారి కూడా నివేదికలో పట్టికల్లో ఉన్నాయి, తీరిగ్గా చూసుకోండి. ఇవాళ మాకిచ్చిన సమయమంతా ఒక్క జబ్బుకే వాడుకుంటాం. దాని పేరు పార్కిన్సన్స్. మన ఊళ్లల్లో వణుకుడు జబ్బు అంటారు, ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. ఇందులో మేం చేసిన తప్పు ఒకటుంది. ముందు అది చెప్పుకోవాలి.

మా గ్రామ సంఘాల్లో ఒకదాంట్లో ఒక అక్క చాలా ఏళ్లు రెండో లీడరుగా చేసింది. పేరు చెప్పం, ఆమె వద్దంది. మనిషి చురుకు. పొదుపు డబ్బులు లెక్కపెడితే రెండోసారి ఎవరూ లెక్కపెట్టేవాళ్లు కాదు. అలాంటిది నోట్లు లెక్కపెట్టడం ఆలస్యం కాసాగింది. మాట మెత్తబడింది. "గట్టిగా చెప్పవమ్మా, నీకు నువ్వే చెప్పుకుంటున్నావా?" అని మేమే విసుక్కున్నాం. మొహంలో నవ్వు పోయింది. పదవి తలకెక్కి మొహం ముడుచుకుంటోంది అనుకున్నాం. మీటింగుకి ఆలస్యంగా వస్తే జరిమానా కూడా రాశాం. బ్యాంకు లింకేజీ అప్పు రెన్యూవల్‌కి వచ్చేసరికి ఆమె సంతకం పాతదానితో కలవలేదని కాగితాలు తిప్పి పంపారు. విత్తనాలు కొనే రోజులు. అందరికీ కోపం వచ్చింది. ఆ నెల సమావేశంలోనే "చురుకుగా పనిచేయనందున" అని తీర్మానం రాసి ఆమెను మార్చేశాం. ఆమె ఏమీ అనలేదు. తీర్మానం కింద సంతకం కూడా పెట్టింది.

అప్పటికి రెండేళ్ల నుంచి ఆమెకు కుడి భుజం పట్టేసినట్టు ఉండేదట. వాతం అని ఆర్ఎంపీ దగ్గర ఎన్ని సూదులు వేయించుకుందో లెక్కలేదు. చివరికి చెయ్యి వణకడం మొదలయ్యాక అల్లుడు పట్నం తీసుకెళ్లి నరాల డాక్టరుకి చూపించాడు. అప్పుడు తెలిసింది.

తర్వాత మేము పాత మినిట్స్ పుస్తకాలు దించి చూశాం. నాలుగేళ్ల కిందటి సంతకం గడి నిండా ఉంది. అక్కడి నుంచి ఏడాదికేడాది చిన్నదవుతూ చివరికి చీమంత అయింది. రాత చిన్నబడడం ఈ జబ్బు గుర్తుల్లో ఒకటని డాక్టరు చెప్పారు. నెల నెలా మన కళ్ల ముందే రాసి ఉంది, మనం చదవలేదు.

జబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాం. మెదడు లోపల డోపమైన్ అనే రసాయనం తయారుచేసే కణాలు కొన్ని ఉంటాయి. ఒళ్లు కదలాలంటే, నడక సాఫీగా సాగాలంటే అది కావాలి. ఆ కణాలు మెల్లమెల్లగా చచ్చిపోతుంటాయి. 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని మొదట వివరంగా రాశారు. ఆయన పుట్టిన ఏప్రిల్ 11నే పార్కిన్సన్స్ దినం అంటున్నారు. ఎక్కువగా అరవై దాటాక వస్తుంది, నలభై లోపు వచ్చినవాళ్లూ ఉన్నారు. అంటువ్యాధి కాదు, చేతబడి అసలే కాదు. ఎందుకొస్తుందో చాలామందిలో ఒక్క కారణం తేల్చలేరు. పారాక్వాట్ లాంటి గడ్డిమందులతో ముప్పు పెరుగుతుందని పరిశోధనలు చూపించాయి. ఫలానా మనిషికి అందువల్లే వచ్చిందని మాత్రం అనలేం. అయినా మందు కొట్టేటప్పుడు ముక్కుకి చీరకొంగు చాలు అనుకునే మన అలవాటు మానాలి.

వణుకు ఉంటేనే ఈ జబ్బు అనుకోవద్దు. కొంతమందికి వణుకే ఉండదు. వణికే ప్రతి చెయ్యీ ఈ జబ్బు కాదు కూడా. ఇందులో చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు వణుకుతుంది, ఏదైనా పట్టుకోబోతే తగ్గుతుంది. మొదట ఒక పక్కే ఉంటుంది. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగదు. అంతకుముందే కొన్నేళ్ల నుంచి పోపు వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్దట్లో కేకలు పెట్టి చేతులు విసరడం ఉండొచ్చు. ఇవి విడివిడిగా అందరికీ ఉండేవే. రెండు మూడు కలిసి ఉండి, మనిషి నెమ్మదిస్తుంటే నరాల డాక్టరుకి చూపించండి.

పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ మందుంది. లెవోడోపా మాత్ర మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. పడాల్సిన వేళకు పడితే మనిషి లేచి తిరుగుతాడు. ఇక్కడ మన ఇళ్లల్లో జరిగే పొరపాటు ఒకటుంది. "ఏ మాత్రయినా అన్నం తిన్నాకే" అని మనకో నమ్మకం. పప్పు, పెరుగు, గుడ్డు, మాంసంలో ఉండే మాంసకృత్తులు ఈ మాత్రతో పోటీ పడి దాన్ని ఒంటికి పట్టనివ్వవు. అందుకే తినడానికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేసుకోమంటారు. ఒక ఇంట్లో రోజూ ముద్దపప్పు అన్నం పెట్టి వెంటనే మాత్ర ఇస్తూ, మందు పనిచేయడం లేదని ఏడాదిపాటు బాధపడ్డారు. పప్పు మానేయనక్కర్లేదు, వేళ మార్చుకుంటే చాలు. రక్తహీనతకి మనమే పంచే ఐరన్ మాత్ర కూడా దీనికి అడ్డమే, రెండింటి మధ్యా ఎడం ఉండాలి. కడుపులో తిప్పితే ఏం చేయాలో డాక్టరునే అడగండి. వాంతులకి మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్ ఈ జబ్బును ఎక్కువ చేస్తుంది, కాబట్టి ఏ సూది వేయించుకున్నా ముందు జబ్బు పేరు చెప్పండి. దూలగొండి గింజల పొడి మంచిదని ఎవరో ఒకరు చెప్తారు. అది అబద్ధం కాదు, ఆ గింజల్లో లెవోడోపా నిజంగానే ఉంది. అందుకే ప్రమాదం. మాత్రతో పాటు అదీ తింటే ఎంత మందు పడిందో ఎవరికీ తెలియదు. ఇంకొకటి, బాగుందని మాత్రలు ఒక్కసారిగా ఆపేయకూడదు. ప్రాణం మీదికి వస్తుంది.

మందు సంగతి డాక్టరు చూసుకుంటారు. మేము ఎక్కువ మాట్లాడాలనుకున్నది డాక్టరు చూడనిదాని గురించి.

ఈ జబ్బున్నవాళ్లు ముందు పెళ్లిళ్లకి మానేస్తారు. పంక్తిలో కూర్చుంటే చెయ్యి వణికి సాంబారు పక్కవాళ్ల మీద పడుతుందని భయం. తర్వాత అరుగు మీదకి రావడం మానేస్తారు. ఒక తాపీమేస్త్రి నడక తూలుతుంటే తాగాడని పని ఇవ్వలేదు. ఆయన జన్మలో తాగలేదు. దిగులు కూడా జబ్బులో భాగమే, మెదడులో మార్పువల్ల కూడా వస్తుంది. "ధైర్యంగా ఉండాలి గానీ" అంటే పోయేది కాదు, దానికీ వైద్యం ఉంది. కొందరికి లేని మనుషులు, పిల్లలు కనపడతారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించకండి, మందు సవరించాల్సి ఉంటుందేమో డాక్టరుకి చెప్పండి. ప్రమిపెక్సోల్ లాంటి కొన్ని మందులతో అలవాటు లేని మనిషి పేకాటకి, విపరీతంగా ఖర్చు పెట్టడానికి దిగొచ్చు. అప్పు పుస్తకం రాసే మనం ఇది తెలుసుకోవాలి. ఆయన చెడిపోయాడని తేల్చేయకూడదు.

చూసుకునేవాళ్లు ఎవరు? భార్యో, కోడలో. రాత్రి మూడుసార్లు లేచి పక్కకి తిప్పాలి. నులకమంచం కుంగుతుంది కాబట్టి రోగి తనంతట తాను తిరగలేడు. గట్టి పరుపు, పట్టుకోవడానికి మంచానికి కట్టిన తాడు ఉంటే ఇద్దరికీ నిద్ర పడుతుంది. ఒక కోడలు మాతో, "మా అత్తను అడగడానికి అందరూ వస్తారు, నన్ను అడిగేవాళ్లు లేరు" అంది. అప్పటి నుంచి మా కమిటీ ఆ ఇంటికి వెళ్తే ఇద్దరం వెళ్తున్నాం. ఒకరు పెద్దామె దగ్గర కూర్చుంటారు, ఒకరు కోడల్ని బయటికి పంపుతారు, ఆమె ఎక్కడికెళ్తే అక్కడికి. మొదటిసారి ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు, మా ఇంట్లోనే రెండు గంటలు పడుకుని నిద్రపోయింది. దిగులు మరీ ఎక్కువైతే 14416కి ఫోను చేయొచ్చు. టెలీ మానస్ అంటారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం ఈ జబ్బులో ఉంది. చెయ్యి పట్టి లాగితే పడిపోతారు. నేల మీద అడుగు అడుగు దూరంలో అడ్డగీతలుంటే వాటిని దాటుతూ నడవగలుగుతారు. మాకిది చెప్పినప్పుడు నమ్మలేదు. మన అక్క ఇంట్లో ముగ్గుపిండితో గీశాం. గీతలు దాటుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది! తర్వాత పెయింటు వేయించాం, ముగ్గు రోజూ చెరిగిపోతోందని. తాళం, లెక్క కూడా ఇలాగే సాయపడతాయి. భజనలో తాళం వేస్తే ఆమె అడుగు ఆగదు, గొంతు కూడా పెరుగుతుంది. శనివారం భజనకి ఆమెను తీసుకెళ్లడం ఇప్పుడు మా డ్యూటీ.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరు పెట్టి ఉంది. వైకల్యం 40 శాతం, అంతకు పైన తేలితే సర్టిఫికెట్ వస్తుంది. సదరం క్యాంపుకి ఎవరు తీసుకెళ్తారో గ్రామ సంఘమే చూసుకోవాలి.

ఇక సభను అడిగేవి. జబ్బున్న సభ్యులకు, చూసుకునే సభ్యులకు ఆలస్యం జరిమానా వేయొద్దు. సంతకం కలవలేదని కాగితాలు తిప్పి పంపే ముందు మమ్మల్ని ఒక మాట అడగమని వేదిక మీది బ్యాంకు వారిని కోరుతున్నాం. జబ్బుతో సంతకం చేయలేని ఖాతాదారుల డబ్బు తీసుకోవడానికి సాక్షుల ముందు వేలిముద్ర ఒప్పుకోవచ్చని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల్లోనే ఉంది. "చురుకుగా పనిచేయనందున" అన్న ఆ పాత తీర్మానాన్ని రద్దు చేస్తూ ఆ గ్రామ సంఘం కొత్తది రాసింది. దాన్ని ఈ సభ కూడా ఆమోదించాలి. లీడరుగా మళ్లీ ఉండమంటే అక్క ఒప్పుకోలేదు, లెక్కలు చూసిపెడతానంది.

ఆమె ఇక్కడే ఉంది. ఒంటిగంటకి ఆమె మాత్ర, కాబట్టి భోజనాలు ఒకటిన్నరకి పెట్టమని వంటవాళ్లకి చెప్పాం, ఎవరూ తొందరపెట్టకండి. హాజరు పుస్తకంలో ఒక గడిలో ఎడంగా రెండు గీతలు గీసి ఉంటాయి. గీతల మధ్య రాస్తే ఆమె సంతకం పెద్దగా వస్తోంది. అది ఆమె గడి, మిగతావాళ్లు కింద పెట్టండి.