పిల్ల ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లకు



ఆపదకు ముందే సిద్ధంగా ఉండడం గురించి మాట్లాడమన్నారు. బాలాపూర్ వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 2020 అక్టోబర్‌లో ఇక్కడి గుర్రం చెరువు రాత్రిపూట తెగి కింది బస్తీలు మునిగాయి. కరోనా వల్ల అప్పుడు హాస్టళ్లు మూసి ఉన్నాయి, బతికిపోయాం. ఇప్పుడు వానాకాలం రాగానే పిల్లల సర్టిఫికెట్లు మేడ మీదికి చేరుస్తున్నాం. నీళ్ల సంగతి అంతే. ఈరోజు చెప్పాల్సింది వేరే ఉంది.

2019 నవంబర్ 27 రాత్రి. శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేట్. మనం 'దిశ' అని పిలుచుకుంటున్న పశువైద్యురాలు చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పింది. కాసేపటికి ఫోన్ స్విచాఫ్. ఇంటివాళ్లు స్టేషన్‌కు పరుగెత్తితే, మా పరిధి కాదంటూ ఇంకో స్టేషన్‌కు పంపారు. అందుకు ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. తర్వాత జరిగింది మీకు తెలుసు, పిల్లల ముందు చెప్పం.

చెల్లెలికి కాదు, 100కి చేయాల్సిందని అప్పట్లో కొందరన్నారు. మాకు ఆ మాట మింగుడుపడలేదు. భయమేసిన పిల్ల నమ్మినవాళ్లకే చేస్తుంది. మా పిల్లలైతే యాడీకి చేస్తారు. వాళ్లకు 112 నేర్పుతున్నాం, నాన్న నంబరు నోటికి అప్పజెప్పించుకుంటున్నాం. (నెలకో సిమ్ మార్చే నాన్నలతోనే మాకు చిక్కు.) కానీ ఫోన్ ఎత్తేవాళ్లకు ఎవరు నేర్పారు?

సెలవులకు బస్సెక్కిన పిల్ల భయంగా ఉందని ఫోన్ చేస్తే, 'ఈ టైంలో అక్కడేం పని?' అనకండి. అలా అడిగిన ఇంటికి పిల్ల రెండోసారి ఫోన్ చేయదు. ఎక్కడున్నావు, ఎదురుగా ఏ బోర్డు కనబడుతోంది, చుట్టూ జనం ఉన్నారా అని అడగండి. మన భాషలోనే అడగండి. పక్కన నిలబడ్డవాడికి అర్థం కాకపోవచ్చు, మన గోర్‌బోలీ అక్కడ పనికొస్తుంది. లైన్ కట్ చేయకండి, పక్కింటివాళ్ల ఫోన్‌తో 112 కొట్టండి.

పిల్ల జాడ లేకపోతే, తెల్లారాక చూద్దాం, నలుగురికీ తెలుస్తుంది అని ఆగకండి. దగ్గరున్న ఏ స్టేషన్‌కైనా వెళ్లండి. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ అదే చెబుతోంది. నకలు కూడా ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. 173 అంకె చేతి మీద రాసుకున్నా ఫర్వాలేదు.

తలుపు దగ్గర రిజిస్టర్ పెట్టాం. వెళ్లేముందు ఇప్పుడు పనిచేస్తున్న నంబర్లు రెండు రాయండి. ఒకటి ఇంటిది, రెండోది అర్ధరాత్రి కూడా ఫోన్ ఎత్తేవాళ్లది.