డాన్సుకు కూడా అప్పు ఇచ్చాం



ఈ ఏడు మా సంఘంలో గొడవ జరిగింది గేదెల అప్పు మీద కాదు, ఒక పిల్ల డాన్సు ఫీజు మీద. మా సభ్యురాలొకామె కూతురి కూచిపూడి క్లాసుకి అంతర్గత అప్పు అడిగింది. "చదువుకైతే సరే, గంతులకి కూడానా?" అన్నాం. దాచేదేముంది, ఎక్కువమందిమి అదే అన్నాం.

తర్వాతి సమావేశానికి ఆ పిల్లే వచ్చి, ఫోనులో మిస్టీ కోప్లాండ్ అనే నల్లజాతి అమ్మాయి డాన్సు చూపించి, ఆమె కథ చెప్పింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, సాన్ పెడ్రో అనే రేవు ఊరు. ఆరుగురు పిల్లలతో తల్లి ఒక్కతే నెట్టుకొచ్చింది. కొన్నాళ్ళు ఇల్లు కూడా లేక లాడ్జి గదిలో ఉన్నారు. బ్యాలే అంటే కాలివేళ్ళ కొసల మీద నిలబడి ఆడే నాట్యం. చాలామంది చిన్నప్పుడే మొదలుపెడతారు. ఈమె మొదలుపెట్టింది 13 ఏళ్ళకు, అదీ పిల్లల క్లబ్బులో బాస్కెట్‌బాల్ ఆడే చోట పెట్టిన ఉచిత క్లాసులో. అక్కడ నేర్పిన టీచరమ్మ ఫీజు లేకుండా తన డాన్సు స్కూల్లో చేర్చుకుంది, తర్వాత తన ఇంట్లోనే పెట్టుకుంది. 2015లో, 32 ఏళ్ళకు, ఆమె అమెరికన్ బ్యాలే థియేటర్‌లో ముఖ్య నర్తకి అయింది. ఆ సంస్థ 75 ఏళ్ళ చరిత్రలో ఆ స్థానానికి వచ్చిన మొదటి నల్లజాతి స్త్రీ. మొదట నేర్చుకున్న స్కూలు ఉండిన కూడలికి ఆమె పేరే పెట్టారు. స్కూలుకి అంతకన్నా పండగేముంటుంది!

కానీ మావాళ్ళు ఆగిపోయింది ఇంకోచోట. ఆ పిల్ల ఎవరి దగ్గర ఉండాలని తల్లికీ, టీచరమ్మకీ కోర్టుదాకా వెళ్ళిందట. చివరికి అమ్మ దగ్గరికే వచ్చింది, డాన్సూ ఆగలేదు. ఫీజు కట్టలేకపోతే తల్లి కాకుండా పోతుందా అని ఒకరు, టీచరమ్మ లేకపోతే ఆ పిల్ల ఎక్కడుండేదని ఇంకొకరు. చీకటి పడేదాకా మాటలే.

అప్పుడు అప్పు అడిగినామె లేచింది. "నా పిల్లకి ఎవరి దయా వద్దనే కదా మిమ్మల్ని అడిగాను. వడ్డీతో కడతాను" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు.

తీర్మానం రాశాం, పది వాయిదాలు. ఇప్పటికి నాలుగు కట్టింది, ఒక్కటీ ఆలస్యం కాలేదు. గజ్జెలు మాత్రం ఇంకా కొనలేదు, పై క్లాసు పిల్లవి అడిగి కట్టుకుంటోంది.