జాలి వేరు, సందేహం వేరు



కోకా సుబ్బారావు గారి పేరెత్తితే ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పే అందరికీ గుర్తొస్తుంది. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన ఆయన స్మృతిలో ఇవాళ నేను, ఆయనే తీర్పు రాసిన ఒక హత్య కేసు గురించి మాట్లాడతాను.

1959 ఏప్రిల్ 27, బొంబాయి. భార్యకు ప్రేమ్ ఆహూజాతో సంబంధం ఉందని నౌకాదళ కమాండర్ నానావతికి తెలిసింది. భార్యాపిల్లల్ని సినిమా హాలు దగ్గర దింపాడు. ఓడకు వెళ్లి, ఏదో సాకు చెప్పి రివాల్వరూ ఆరు తూటాలూ తీసుకున్నాడు. ఆహూజాను ఆఫీసులో వెతికాడు, లేకపోతే ఇంటికే వెళ్లాడు. పడకగదిలో మూడు తూటాలు పేలాయి. పెనుగులాటలో వాటంతటవే పేలాయని ముద్దాయి వాదన. మరి ఆహూజా ఒంటిమీది తువ్వాలు ఊడకుండా ఎలా ఉందని ప్రాసిక్యూషన్ ప్రశ్న.

ఊరు మాత్రం అప్పటికే తీర్పు చెప్పేసింది. కరంజియా గారి బ్లిట్జ్ పత్రిక కమాండర్‌ను వీరుణ్ని చేసింది. వీధుల్లో ‘ఆహూజా తువ్వాళ్లు’, ‘నానావతి రివాల్వర్లు’ అమ్మారు. (టీవీ చర్చలతోనే ఈ జబ్బు మొదలైందనుకునేవారు గమనించాలి.) తొమ్మిదిమంది జూరీలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి ఒప్పుకోక కేసును హైకోర్టుకు పంపాడు. 1960 మార్చి 11న అక్కడ యావజ్జీవం పడింది. ఆ రోజే గవర్నర్ శిక్షను నిలిపేశారు!

1961 నవంబర్ 24న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రాసింది సుబ్బారావు గారు. ప్రమాదవశాత్తు జరిగిందని చెప్పుకునే ముద్దాయే దాన్ని నిరూపించుకోవాలి, అప్పటి సాక్ష్య చట్టం 105వ సెక్షన్ అదే చెప్పేది. అయితే అతను పూర్తిగా నిరూపించుకోలేకపోయినా, చూపిన సాక్ష్యం వల్ల చంపాలన్న ఉద్దేశం ఉందా లేదా అని సహేతుకమైన సందేహం కలిగితే చాలు, విడుదల చేయాల్సిందే అన్నారాయన. నేరం రుజువు చేసే బాధ్యత మొదటినుంచి చివరిదాకా ప్రాసిక్యూషన్‌దే కదా! ముద్దాయిలకు ఇంత పెద్ద ఆసరా ఇచ్చిన ఆ తీర్పే నానావతిని వదల్లేదు. రెచ్చిపోయిన ఆవేశంలో కాల్చాడన్న మరో వాదననూ ఒప్పుకోలేదు: ఒంటిగంటన్నరకు ఇల్లు వదిలినవాడు నాలుగూ ఇరవైకి కాల్చాడు, ఆవేశం చల్లారడానికి ఆ వ్యవధి చాలునంది.

జూరీలో ఆ ఎనిమిదిమందికి కలిగింది సందేహం కాదు, జాలి అని నా అభిప్రాయం. జూరీ పద్ధతి ఈ కేసుతోనే పోయిందని చెప్పుకుంటారు గానీ, దాన్ని తీసేయమని లా కమిషన్ 1958లోనే సిఫార్సు చేసింది.

జనం ప్రతిసారీ పొరబడతారనీ నేననను. విజయవాడ దగ్గర ఒక హాస్టల్లో 2007లో జరిగిన విద్యార్థిని హత్య మీకు గుర్తుండే ఉంటుంది. పోలీసులు చూపించిన యువకుడు హంతకుడు కాడని హతురాలి తల్లే అంది, చాలామంది అదే నమ్మారు. అయినా 2010లో శిక్ష పడింది. 2017లో హైకోర్టు అతణ్ని విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. జనం నమ్మారని కాదు, సాక్ష్యం నిలవలేదని.

నానావతికి 1964లో క్షమాభిక్ష దొరికింది, తర్వాత కుటుంబంతో కెనడా వెళ్లిపోయాడు. సినిమాలు ఆ కథనే పట్టుకున్నాయి. లా విద్యార్థులు మాత్రం తీర్పు తెరిచి, 105వ సెక్షన్‌పై సుబ్బారావు గారు రాసిన పేజీలు చదవాలని కోరుతున్నాను.