దస్తావేజులో రాసిన ధరే రేపటి పరిహారం

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి ఇవ్వడం మనకు కొత్త కాదు. శ్రీశైలం నీళ్ల కింద కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల ఊళ్లు మునిగాయి. తర్వాత జూరాల వచ్చింది. 2015 జూన్ 11న పాలమూరు-రంగారెడ్డికి శంకుస్థాపన జరిగింది. నార్లాపూర్, ఏదుల, వట్టెం జలాశయాలకు భూములు పోయాయి. అప్పుడు 123 జీవో తెచ్చి ఒప్పంద ధర అన్నారు. ఒప్పందానికి కూర్చునే రైతుకైనా చట్టం లెక్కన తన ఎకరం విలువెంతో ముందు తెలియాలి.

2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్ ప్రధానంగా రెండు లెక్కలు చూడమంటుంది. ఒకటి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ. రెండోది, దగ్గరి గ్రామాల్లో అలాంటి భూమికే గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల సగటు. పది దస్తావేజులుంటే ఎక్కువ ధర ఉన్న అయిదింటినే సగటుకు తీసుకోవాలి. రెండు లెక్కల్లో ఏది ఎక్కువైతే అదే మార్కెట్ విలువ.

మన రాష్ట్రంలో 2013లో సవరించిన ప్రభుత్వ విలువలు మళ్లీ 2021 దాకా కదల్లేదు. భూసేకరణ మొదలుపెట్టే ముందే కలెక్టర్ విలువలను సవరించాలని అదే సెక్షన్ చెబుతోంది. పాత పట్టికతో సరిపెట్టే అధికారి తన బాధ్యత ఎగ్గొట్టినట్టే.

ఇప్పుడొక చేదు మాట, కోపం తెచ్చుకోవద్దు. ఎకరం 20 లక్షలకు అమ్మి దస్తావేజులో 3 లక్షలు రాయిస్తే ఏమవుతుంది? స్టాంపు డ్యూటీ కొన్నవాడికి మిగులుతుంది, దెబ్బ ఊరందరికీ తగులుతుంది. గ్రామాల్లో మార్కెట్ విలువను ఒకటి నుంచి రెండు రెట్ల దాకా లెక్కగడతారు. దానిమీద నూరు శాతం సొలేషియం. సగటు ప్రకారం పరిహారం కడితే, ఆ సగటులో లక్ష తగ్గినందుకు ఎకరాకు 2 నుంచి 4 లక్షలు పోతాయి. మనం రాయించిన అబద్ధాన్నే అధికారి మన ముందు పెడితే ఏం జవాబు చెబుతాం?

అధికారుల నిజాయితీ తేలేది పంచనామాలో. బోరు, బావి, పైపులైను, మామిడి చెట్లు, నిలబడి ఉన్న పంట, అన్నిటికీ విడిగా విలువ కట్టాలి. విత్తన పత్తి పండే చేను రికార్డులో ఖుష్కి అనే ఉంటే పోలిక కూడా ఖుష్కి భూమితోనే పెడతారు. చేలో అడుగు పెట్టకుండా ఆఫీసులో కూర్చుని రాసిన పంచనామాపై సంతకం పెట్టొద్దు. చెట్లు ఎక్కువ రాయిస్తానని వాటా అడిగే దళారినీ దగ్గరికి రానివ్వొద్దు. ఒక్క దొంగ లెక్క బయటపడితే నిజమైన రైతు లెక్కనూ అనుమానిస్తారు.

చివరగా మూడు మాటలు గుర్తుంచుకోండి. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లో అభ్యంతరం రాసివ్వండి. డబ్బు చాలదనిపిస్తే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసే తీసుకోండి. అలా రాయకుంటే ఎక్కువ అడిగే హక్కు పోతుంది. అవార్డు ఇచ్చేటప్పుడు మీరు అక్కడుంటే ఆరు వారాల్లోపే 64వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టండి.

అధికారిని నిజం రాయమని అడిగే బలం, మన దస్తావేజులో మనం నిజం రాసిననాడే వస్తుంది. వచ్చే అమ్మకం నుంచే మొదలుపెడదాం.