కొనుగోలుదారు పేరు మన పుస్తకంలో ఉండాలి

(చిరు వర్తకులు, చేతిపనివారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వర్తకుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. నా జీవితంలో అధిక భాగం రిజిస్టర్ల మధ్యనే గడిచింది. అందుచేత ఈనాడు నేను మాట్లాడబోయేది కూడా ఒక పుస్తకం గురించే.

హైదరాబాదులో లాడ్ బజారుకు సమీపాన మా మేనకోడలి కుటుంబం లక్క గాజులు చేస్తుంది. లక్కను బొగ్గుల కుంపటిపై మెత్తబరచి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయిని చేతితో పొదగాలి. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి మీరెరుగుదురు. కరోనా కాలంలో బజారు మూతపడినప్పుడు ఆమె కుమారుడు ఒక ఆన్‌లైన్ అంగడిలో ఖాతా తెరిచాడు. ఊహించనన్ని ఆర్డర్లు వచ్చాయి. దుకాణం ముంగిట బేరమాడే పని తప్పిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు.

రెండేళ్ల తరువాత, రంజాన్ మాసానికి కొద్ది రోజుల ముందు, ఆ ఖాతా ఆగిపోయింది. దారిలో విరిగి తిరిగివచ్చిన గాజులు పెరిగాయని, విచారణ ముగిసేవరకు అమ్మకం కుదరదని సందేశం వచ్చింది. పొట్లం కట్టడంలో వీరి లోపం కూడా కొంత ఉన్నది. దానిని దాచను. కాని జవాబు చెప్పుకొనడానికి ఎదుట మనిషి లేడు. ఇంటి నిండా సరుకు, చేసినవారికి ఇవ్వవలసిన కూలి, ముంగిట పండుగ. ఆమె నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో మ్రోగుతున్నది: “మామూ, వేల పొట్లాలు కట్టాము. కొన్నవాళ్లలో ఒక్కరినైనా పిలుద్దామంటే ఒక్క నంబరు లేదు.”

అప్పుడు వారిని ఆదుకున్నది ఆమె అత్తగారి పాత నోటు పుస్తకం. ఆవిడ దుకాణంలో కూర్చున్న రోజులలో ఉర్దూలో వ్రాసుకున్నది. ఏ ఇంటివారు, ఏ పెళ్లికి, ఏ రంగు, ఎవరి చేతికి రెండు ఆరు, ఎవరికి రెండు ఎనిమిది అన్నీ అందులో ఉన్నాయి. ఆ పుస్తకం ముందు పెట్టుకొని ఒక్కొక్క ఇంటికి ఫోను చేశారు. కొన్ని నంబర్లు మారిపోయాయి, కొందరు పెద్దలు గతించారు. అయినా పండుగనాటికి సగానికి పైగా సరుకు అమ్ముడుపోయింది. ఖాతా పండుగ వెళ్లిన తరువాత తెరుచుకున్నది.

మిత్రులారా, ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2006లో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక మన సమాజంలో స్వయం ఉపాధిపై ఆధారపడినవారు అధికమని, బ్యాంకు రుణాలు వారికి తగినంతగా అందడం లేదని తెలిపింది. నెల జీతం, పింఛను ఉన్నవారికి ఒక నెల ఇబ్బంది ఇబ్బందిగానే ముగుస్తుంది. అవి లేని ఇంటిలో అదే నెల అప్పుగా మారుతుంది. అటువంటి ఇంటి ఆదాయమంతా ఒకే ద్వారం గుండా రావడం ప్రమాదకరం.

అయితే ఆన్‌లైన్ అంగడిని విడిచిపెట్టమని నేను చెప్పడం లేదు. పాతబస్తీ గాజును గువాహటిలోని ఇంటికి చేర్చగల శక్తి మనకు మరొక విధంగా లేదు. కాని అది అద్దె దుకాణమని మరవకూడదు. అక్కడికి వచ్చేవారు ఆ అంగడికి వచ్చినవారే గాని మన వద్దకు వచ్చినవారు కారు. అద్దె దుకాణంలో వ్యాపారం చేస్తూనే సొంత ఇల్లు కట్టుకొనే పద్ధతి ఏమిటన్నదే నేటి ప్రశ్న.

మొదటిది, ఒప్పందాన్ని ఉల్లంఘించవద్దు. అంగడి ద్వారా వెళ్లే పొట్లంలో మన ఫోను నంబరు చీటీ వేసి, ఈసారి నేరుగా కొనండని వ్రాయడం కొందరు తెలివి అనుకుంటారు. సాధారణంగా ఈ సంస్థల నిబంధనలు దానిని నిషేధిస్తాయి. ఖాతా పోవడానికి అదే కారణం కావచ్చు. మనమే కొనుగోలుదారులమన్నట్లు మన సరుకును పొగుడుతూ వ్రాసుకొనడాన్ని 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు కూడా నిషేధించాయి.

రెండవది, మనదైన పేరు. పెట్టె మీద, రసీదు మీద, దుకాణం బోర్డు మీద ఒకే పేరు, ఒకే గుర్తు ఉండాలి. గాజు నచ్చినవారు ఆ పేరుతో వెదికితే మనం దొరకాలి. ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకొంటే పదేళ్ల రక్షణ లభిస్తుంది, ఆపైన పునరుద్ధరించుకొనవచ్చు.

మూడవది, పుస్తకం. నేరుగా వచ్చినవారి పేరు, నంబరు, కొలత, ఇష్టమైన రంగు, వారి అనుమతితో వ్రాసుకొనండి. నాంపల్లి నుమాయిష్ వంటి ప్రదర్శనలు, పెళ్లిళ్ల కాలం, గల్ఫ్‌లోని బంధువులు, ఇవన్నీ ఆ పుస్తకానికి కొత్త పుటలే. వాట్సాప్ బిజినెస్‌లో వస్తువుల పట్టికను ధరలతో ఉంచవచ్చు, యూపీఐ ద్వారా డబ్బు నేరుగా వస్తుంది. అయితే రోజూ సందేశాలు పంపి విసిగించవద్దు. ఏడాదికి మూడు నాలుగు మార్లు, కొత్త నమూనా వచ్చినప్పుడో పండుగ ముందో పలకరిస్తే చాలు. పుస్తకానికి రెండవ ప్రతి కూడా ఉండాలి. ఫోను పోతే పుస్తకం పోకూడదు.

నాలుగవది, లెక్క. ప్రతి నెలా రెండు వరుసలు వ్రాయండి: అంగడి ద్వారా ఎంత, నేరుగా ఎంత. కమీషను, రవాణా, తిరిగివచ్చిన సరుకు నష్టం తీసివేసి మిగిలినదే లెక్కించండి. రెండేళ్లలో మూడవ వంతు ఆదాయం నేరుగా రావాలన్నది నేను మా వాళ్లకు పెట్టిన లక్ష్యం.

పన్నుల విషయం కూడా చెప్పాలి. 2023 అక్టోబరు 1 నుండి, నిర్ణీత పరిమితికి లోబడి, సొంత రాష్ట్రంలోపలే వస్తువులు అమ్మే చిన్న వర్తకులు జీఎస్‌టీ రిజిస్ట్రేషను లేకుండా, ఎన్‌రోల్‌మెంటు సంఖ్యతో ఆన్‌లైన్ అంగడిలో అమ్ముకొనవచ్చు. ఆ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఇతర రాష్ట్రాలకు పంపదలచినవారు ముందుగా పన్నుల లెక్కలు తెలిసినవారిని సంప్రదించాలి. రిజిస్ట్రేషను ఉన్నవారి అమ్మకాలపై అంగడి సంస్థ అరశాతం జీఎస్‌టీని ముందే వసూలు చేసి జమ కడుతుంది. ఆ సొమ్ము మనదే. దానిని రిటర్నులో చూసుకొని తీసుకొనని వారిని ఎందరినో చూశాను.

చివరగా మనసులోని మాట ఒకటి. మన యువకులు కొందరు ఆన్‌లైన్‌లో తమ పేరు కనబడకుండా వ్యాపారం చేయడమే క్షేమమనుకుంటున్నారు. ముస్లిం వర్తకుల వద్ద కొనవద్దన్న పిలుపులు విన్న తరువాత వారి భయాన్ని నేను తప్పుపట్టలేను. ఏ వృత్తినైనా, వర్తకాన్నైనా చేసుకొనే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం మనకు ఇచ్చింది. కాని న్యాయస్థానానికి వెళ్లేలోగా పొయ్యి వెలగాలి గదా! మా మేనకోడలు ఆనాడు ఫోను చేసిన ఇళ్లలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఒక హిందూ కుటుంబంలోని పెద్దావిడ, “మా ముగ్గురు కోడళ్లకూ మీ అత్తగారే గాజులు తొడిగింది” అని చెప్పి, నాలుగవ పెళ్లికి కావలసినవన్నీ అక్కడే కొన్నది. ముఖం ఎరుగని వర్తకుణ్ణి ఒక్క పుకారుతో విడిచిపెట్టవచ్చు. ముప్పై ఏళ్లుగా చేతి కొలత ఎరిగిన ఇంటిని విడిచిపెట్టడం అంత తేలిక కాదు. కనుక సొంత కొనుగోలుదారులను సంపాదించుకొనడం వ్యాపార మెళకువ మాత్రమే కాదు, పొరుగువారితో మన బంధాన్ని నిలుపుకొనడం కూడా.

చదువుకున్న మన పిల్లలు వారానికొక సాయంత్రం బస్తీలో కూర్చొని ఫొటోలు తీయడం, రసీదులు వ్రాయడం, రిటర్నులు చూడడం నేర్పితే ఎన్నో ఇళ్లు నిలబడతాయి. నావంటి విశ్రాంత ఉద్యోగులు లెక్కలు చూసిపెట్టగలరు. నేను అందుకు సిద్ధంగా ఉన్నాను. ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే ఒక నోటు పుస్తకం తీయండి. గుర్తున్న పది మంది కొనుగోలుదారుల పేర్లు వ్రాయండి. పది గుర్తుకు రాకపోతే, పని ఎక్కడ మొదలుపెట్టాలో మీకే తెలుస్తుంది.

సెలవు.