అల్లిక, లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను భారతమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో మాటలాడుదునని వారు తలచియుందురు. ఏ పండితుని యొద్దను కూర్చుండి చదువని నాకు ఆ గ్రంథములు లభించినది ఈ బీరువాలలోనే. ఆ ఋణమును మరవలేదు. అయినను నేడు నేను ఎన్నుకొన్న విషయము, ఉన్ని దారముతో స్వెటర్లు, శాలువలు చేతితో అల్లుకొను వేడుక. వెనుక వరుసలో నవ్వుచున్నవారు నాకు కనబడుచునే యున్నారు. మూడేండ్ల క్రిందట నేనును అట్లే నవ్వితిని. ఆ నవ్వు నాకెంత ఖరీదైనదో ముందు చెప్పెదను.

నిజాంపేటలో ఉన్ని యేమిటని అడుగవచ్చును. సంక్రాంతికి ముందు కొన్ని వారములు తప్ప చలి యెరుగని ప్రదేశము మనది. కాని 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెరచినది మొదలు ఈ ప్రాంతమునకు చలి రెండు త్రోవల వచ్చినది. మొదటిది కార్యాలయముల చలి. వైశాఖమున బయట రోడ్డు మీది తారు కరగుచుండగా లోపల మన పిల్లలు స్వెటరు తొడుగుకొని కంప్యూటరు ముందు కూర్చుందురు. రెండవది అమెరికా చలి. బిడ్డను సముద్రములు దాటింపని మేడ మన వీధులలో అరుదు. కూతురి పురిటికో, కోడలి పురిటికో తల్లులు ఆరు నెలలు అచ్చటికి పోవుదురు. పెట్టెలో ఆవకాయ, కారప్పొడులు, వాని నడుమ నలుగకుండ చుట్టిన చిన్న ఉన్ని టోపీ. పంచాయతీగా నుండిన నిజాంపేట 2019లో బాచుపల్లి, ప్రగతినగరులతో కలిసి నగరపాలక సంస్థ యయ్యెను. నేను లెక్కలు వ్రాసిన గ్రామము పద్దులలోనుండి తొలగిపోయినది గాని లెక్కలవాడు మాత్రము మిగిలియున్నాడు.

అల్లిక యనగా నేత కాదు. నేతకు పడుగు, పేక అని రెండు విధములైన దారములు కావలెను, మగ్గము కావలెను. అల్లికకు ఒకే దారము, రెండు సూదులు చాలును. ఒక సూదిపై ఉచ్చులను వరుసగా ఎక్కించి, రెండవ సూదితో ప్రతి ఉచ్చులోనుండి క్రొత్త ఉచ్చును లాగుచు పోవుటయే పని. అల్లువారు ఒక్కొక్క ఉచ్చును కుట్టు అందురు. ఉచ్చులకు సాగుగుణ ముండుటచే స్వెటరు ఒంటిని అంటుకొని యుండును. నేసిన గుడ్డ అట్లు సాగదు. ఈ గుణమునకు తగిన దోషమును గలదు. ఒక కుట్టు జారినచో దాని క్రింది వరుసలలోని కుట్లును నిచ్చెన మెట్లవలె జారిపోవును. పెద్దనగారి కవిత్వమును మెచ్చుకొనుటకు మన పెద్దలు అల్లిక యను మాటనే ఎన్నుకొనిరి. ఒక్క పదము తీసినను పద్యము జారిపోవునని వారి భావమేమో యని స్వెటరు అల్లిన తరువాత నాకు తోచినది.

ఉన్ని మనకు క్రొత్త కాదు. తెలంగాణమున కురుమలు దక్కను గొఱ్ఱెల బొచ్చు కత్తిరించి, ఆడవారు వడకగా, దారమునకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గముపై గొంగడి నేయుదురు. వానకు, చలికి, మంచమునకు, గొడుగునకు అన్నిటికి అదే. గొంగడిలో తినుచు వెంట్రుక లేరుట యను సామెత దానివలననే పుట్టినది. కాని ఆ ఉన్ని మోటుగా నుండును. పసిబిడ్డ మెడకు తగిలినచో దురద పుట్టును. స్వెటరునకు వాడు మెరినో ఉన్ని పోచ ఇరువది మైక్రానుల ప్రాంతమున, అనగా మిల్లీమీటరులో ఏబదవ వంతు మందమున నుండును. నేడు అంగళ్లలో ఊలు అని అమ్మునది చాలవరకు ఆక్రిలికు దారము. అది ఉతుకుటకు సులభము, వెల తక్కువ. అయితే నిప్పు తగిలినచో కరగి చర్మమునకు అంటుకొనును; ఉన్ని అంత త్వరగా అంటుకొనదు. ఉన్ని బట్టను వేడినీట ముంచి పిసికినచో పోచలమీది పొలుసులు ఒకదానితో నొకటి పెనవేసికొని, తాతకు అల్లినది మనుమనికి సరిపోవును.

భారత సభాపర్వమున దుర్యోధనుడు రాజసూయమునకు వచ్చిన కానుకలను తండ్రికి ఏకరువు పెట్టునప్పుడు కాంభోజరాజు తెచ్చిన ఉన్ని కంబళ్లను మరవడు. అసూయ గలవాని వలె పద్దు వ్రాయువాడు వేరొకడు లేడని నా వృత్తిలో నేర్చుకొంటిని. ఆ కంబళ్లు నేసినవే యైయుండును. సూదుల అల్లికకు మనకు దొరకిన మిక్కిలి పాత నమూనాలు ఈజిప్టున లభించిన నూలు మేజోళ్లు. వాని వయస్సు వేయి సంవత్సరములకు కొంచె మించుమించు. 1589లో ఇంగ్లండున విలియం లీ అనునతడు మేజోళ్లు అల్లు యంత్రమును నిర్మించెను. నాటినుండి చేతి అల్లికకు పని తీరినదని అనేకులు చెప్పుచునే యున్నారు. 1962లో చైనాతో యుద్ధము వచ్చినప్పుడు దేశమంతట ఆడవారు జవానులకు స్వెటర్లు అల్లి పంపిరి. మా తల్లిగారు అప్పుడే నేర్చుకొనిరట. ఆమెనుండి నా భార్యకు వచ్చినది.

నా భార్య సాయంత్రములు అల్లుచుండగా నేను ఒకనాడు లెక్క కట్టితిని. ఊలు వెల యింత, దినములు ఇన్ని. కోఠిలో శీతకాలమున టిబెట్టువారు అమ్ము స్వెటరు ఇంతకే వచ్చును. కావున నష్టము ఇంత. కాగితము ఆమెకు చూపితిని. ఆమె చదివి, మడిచి, సూదుల డబ్బాలో పెట్టుకొన్నది, ఏమియు అనలేదు. ఆ మౌనము నేను గెలిచితినని తలచితిని.

ఆ యేడే ఆమె కన్నులకు శుక్లములు ముదిరెను. చికాగోలోని మా మనుమనికి, ఆరేండ్లవాడు, ముదురు నీలిరంగు స్వెటరు మొదలుపెట్టియున్నది. ముందు పలక, వెనుక పలక, కుడి చేయి పూర్తియైనవి. ముదురు రంగులో కుట్లు కనబడక ఎడమ చేయి నిలిచిపోయినది. శస్త్రచికిత్స తరువాత కొన్నాళ్లు సూది పట్టరాదని వైద్యుడు చెప్పెను. మా మేడలోని ఒక అమ్మాయి నెలలోపల చికాగో పోవుచున్నది. పెట్టెలో ఒక స్వెటరునకు చోటిచ్చెదనన్నది. చీకటి గదిలో కంటికి పట్టీతో పరుండి నా భార్య దినమునకు రెండు మారులు ఆ ప్రయాణపు తేదీ అడుగుచుండెను. నాలుగవనాడు నేను సూదులు పట్టితిని.

వ్రాసికొన్న లెక్క ఇది. మణికట్టు బార్డరునకు 40 కుట్లు. పిమ్మట ప్రతి ఆరవ వరుసలో ఇరుప్రక్కల ఒక్కొక్క కుట్టు పెంచవలెను. పదిమారులు పెంచగా 60 కుట్లగును. లెక్కయే గదా, నాకేమి భయమని కూర్చుంటిని. మొదటి రాత్రి రెండు అంగుళములు. అందులో మూడు కుట్లు జారినవి. ఆమె నా యెదుట కూర్చుండి వ్రేళ్లతో తడవి, ఎచ్చట జారెనో చెప్పుచుండెను. చూపు లేకయే చెప్పుచుండెను. పన్నెండు దినములకు చేయి పూర్తియైనది. కుట్లు 60, వరుసలు సరి, ఒక్కటియు తప్పలేదు. రెండు చేతులను ఒకదానిపై నొకటి పరచి చూడగా నాది అంగుళము వెడల్పు!

పద్దు సరిపోయి సొమ్ము తక్కువైన గుమస్తావలె నిలుచుంటిని. ఆమె తడవి చూచి, “మీ లెక్క మంచిగనే ఉన్నది, చెయ్యి వదులున్నది” అన్నది. ఆమె అల్లికలో అంగుళమునకు అయిదున్నర కుట్లు. నా చేతిలో అయిదే. అరకుట్టు భేదము. అరువది కుట్లను అయిదున్నరతో భాగించిన పదకొండు అంగుళములకు తక్కువ, అయిదుతో భాగించిన పన్నెండు. అందుచేతనే ఎరిగినవారు మొదట నాలుగంగుళముల ముక్క అల్లి, కొలిచి, తమ చేతి బిగువు తెలిసికొన్న పిమ్మటనే పని మొదలుపెట్టుదురు. నేను ఆ ముక్కను వృథాశ్రమగా తలచితిని.

అంతయు విప్పితిని. నేసిన గుడ్డను విప్పినచో పీలికలు మిగులును. అల్లికను విప్పినచో దారము దారముగానే వచ్చును. మా తల్లిగారి కాలమున పెద్దవారి పాత స్వెటరును విప్పి, చిలపలు చుట్టి, తడిపి బరువు కట్టి మెలికలు పోగొట్టి, పిల్లలకు క్రొత్తది అల్లుచుండిరి. ఈ మారు 8వ నంబరు సూది మాని 9వది పట్టితిని. ఇచ్చట ఒక హెచ్చరిక. మన అంగళ్లలోని సూదులకు పాత ఇంగ్లీషు నంబర్లు. నంబరు పెరిగినకొలది సూది సన్నము. మన 8 అనగా 4 మిల్లీమీటర్లు, 9 అనగా 3.75. అమెరికా పుస్తకములలో నంబరు పెరిగినకొలది సూది లావు. వారి 8 అనగా 5 మిల్లీమీటర్లు. బిడ్డలు అచ్చటినుండి పంపు నమూనాలను చూచి అల్లువారు మిల్లీమీటర్లనే నమ్మవలెను. రెండవమారు తొమ్మిది దినములు పట్టినది. ప్రయాణమునకు ముందునాటి రాత్రి చేతిని పలకలకు కుట్టితిమి.

మరల ఆ పాత కాగితమును డబ్బాలోనుండి తీసి చూచితిని. అందులో నేను దినములు లెక్కించితిని గాని కుట్లు లెక్కింపలేదు. ఆ చిన్న స్వెటరులో పలకలు రెండు, ఒక్కొక్కటి 77 కుట్లు, 98 వరుసలు. చేతులు రెండు కలిసి ఎనిమిది వేలు. మొత్తము 23,000 దాటును. నిమిషమునకు 20 కుట్ల చొప్పున పందొమ్మిది గంటలకు పైన. ఇంట తొడుగుకొను వస్తువునకు ఈ గంటలను ఖర్చు పద్దులో వేయుట నా తెలివితక్కువ. కాని అమ్మకమునకు అల్లునప్పుడు ఈ గంటలను వేయకుండుట అంతకన్న పెద్ద తప్పు. ఈ రెండవ మాటకు నరసాపురము సాక్షి.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురము లేసు అల్లికకు ప్రసిద్ధము. అది రెండు సూదుల పని కాదు. ఒకే కొక్కెపు సూదితో సన్నని నూలు అల్లుదురు. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు గోదావరి ప్రాంతమున నేర్పిన ఈ విద్య విదేశములకు ఎగుమతి యగు వ్యాపారమయ్యెను. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మారియా మీస్ ఆ స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఇంట కూర్చున్న గృహిణులు తీరిక వేళ చేయు పని యని పేరు పెట్టుటచే, దినములో అనేక గంటలు శ్రమించువారు కూలివారుగా లెక్కకు రాక, మిక్కిలి తక్కువ ప్రతిఫలము పొందిరని ఆమె చూపెను. వేడుక యను మాట ఒకరికి విశ్రాంతి, వేరొకరికి లాభము.

మన గ్రంథాలయమున గురువారము సాయంత్రము అల్లిక గంట మొదలైన సంగతి మీకు తెలియును. పుస్తకముల చోట సూదులేమిటని కార్యవర్గములో కొందరు అభ్యంతరము చెప్పిరి. ఒకరు చదువుచుండగా పదిమంది అల్లుచు వినుట యను ఏర్పాటుతో ఒప్పుకొనిరి. ఈ రెండేండ్లలో ఆ గంటలో వినినన్ని పుస్తకములు ఎరువు పుస్తకములో ఒక్కరి పేరనైనను లేవు. నిరుడు ఒక వర్తకుడు అచ్చటికి వచ్చి, ఊలు నేనిచ్చెదను, చిన్న స్వెటరునకు మూడువందలు, ఎట్లును ప్రొద్దుపుచ్చుటకు అల్లుచున్నారు గదా యన్నాడు. నేను నల్లబల్లపై భాగహారము వేసితిని. గంటకు పదిహేను రూపాయలు. వేయిన్నూరులకు తక్కువ వలదని చెప్పించితిని. అతడు మరల రాలేదు.

అప్పుడు ఒక సోదరి, పెనిమిటి లేనిది, ఇద్దరు పిల్లల తల్లి, నాతో, “అయ్యా, పదిహేను తక్కువే. సున్నా కంటె ఎక్కువ గదా?” అన్నది. నాయొద్ద సమాధానము లేకపోయెను. ఇప్పుడామె ఇరుగుపొరుగు మేడలవారికి పసిపిల్లల టోపీలు, మేజోళ్లు తాను చెప్పిన వెలకే అల్లి యిచ్చుచున్నది. నెలకు రెండో మూడో జతలు. మూడువందల చొప్పున వచ్చెడి పని దానికన్న ఎక్కువ యగునో తక్కువ యగునో ఆమె నాతో చెప్పలేదు. నేను అడుగుటకు జంకితిని.

చికాగోనుండి మనుమని చిత్రము వచ్చినది. ఏ చేయి తాత అల్లెనో కనుగొనుమని మా అమ్మాయి అడిగినదట. వాడు రెండు చేతులను పైకెత్తి చూపెను. మా యావిడకు చూపు బాగుపడినది. చిత్రమును దగ్గరగా పట్టుకొని చూచి, ఇంకను కొంచెము వదులే అన్నది.

క్రొత్తగా నేర్వదలచినవారు స్వెటరుతో మొదలుపెట్టవద్దు. శాలువకు కొలత పట్టింపు లేదు; వదులైనను చలి ఆపును. మగవారు రావచ్చునా యని ఒకరు చీటీ పంపిరి. రావచ్చును, నేనున్నాను. వచ్చు గురువారము నాలుగు గంటలకు మనుచరిత్రమును మొదలుపెట్టుచున్నాము. సూదులు మూడవ బీరువా క్రింది అరలో నున్నవి. తాళపుచెవి నాయొద్ద నున్నది.